చీటీలో సగం, చీటీ బయట సగం: గుంటూరులో ఒక మాడ్యులర్ కిచెన్ దుకాణం పనితీరు

గుంటూరు లక్ష్మీపురంలోని ఒక మాడ్యులర్ కిచెన్ దుకాణం వారి చేత బ్రాడీపేటలోని మా పాత ఇంటి వంటగదిని ఈ మధ్యే మార్పించుకున్నాం. దుకాణం పేరు రాయడం లేదు. వారి పనిలో మెచ్చుకోవలసినవీ ఉన్నాయి, తప్పుపట్టవలసినవీ ఉన్నాయి; అయితే ఆ తప్పుపట్టవలసినవి మేము ధర అడిగిన మిగతా చోట్ల కూడా దాదాపు అలాగే ఉన్నందువల్ల ఒక్కరినే వేలెత్తి చూపడం న్యాయం కాదు. చెక్కపని విషయంలో వారికి మంచి మార్కులే వేస్తాను. వంటగది మార్చాలంటే మొత్తం ఎంత అవుతుందో చెప్పే విషయంలో మాత్రం వారి లెక్కను నమ్ముకుని ఎవరూ బ్యాంకు నుంచి డబ్బు తీయవద్దు.

మాది పది అడుగులకు ఎనిమిది అడుగుల వంటగది. గట్టు రెండు గోడల వెంట ఎల్ ఆకారంలో ఉంటుంది. దుకాణం వారు మనిషిని పంపి కొలతలు తీసుకుని, కంప్యూటరులో రంగుల బొమ్మ చూపించి, 2,38,175 రూపాయలని కొటేషన్ (ధరల చీటీ) ఇచ్చారు. చదరపు అడుగు 1,650 రూపాయల చొప్పున కింది పెట్టెలు, గోడ పెట్టెలు, ఒక నిలువు అల్మారా. 900 చొప్పున అటక తలుపులు. సొరుగుల సామాను, బుట్టలు కలిపి 62,000. ఇక్కడ చదరపు అడుగు అంటే వాడిన చెక్క వైశాల్యం కాదని, ఎదురుగా నిలబడి చూసినప్పుడు కనిపించే ముఖభాగపు వైశాల్యమని కొత్తవారు ముందే గ్రహించాలి. పెట్టె లోపల ఒక అర ఉన్నా, నాలుగు సొరుగులు ఉన్నా ముఖభాగం మారదు కనుక, చదరపు అడుగు ధర తక్కువగా చెప్పి సొరుగుల దగ్గర రాబట్టుకునే దుకాణాలూ ఉంటాయి, అన్నీ కలిపి ఎక్కువ ధర చెప్పే దుకాణాలూ ఉంటాయి. రెండు కొటేషన్లను చదరపు అడుగు ధర చూసి పోల్చడం వల్ల ఏమీ తేలదు. ఒకే బొమ్మకు, ఒకే సామానుకు, అన్ని పన్నులతో కలిపి చివరికి ఎంత కట్టాలో అడిగి దాన్నే పోల్చాలి.

ఈ కొటేషన్‌లో మాకు రెండు విషయాలు నచ్చలేదు. మొదటిది మూల లెక్క. ఒక గోడ పది అడుగులు, రెండో గోడ ఎనిమిది అడుగులు కనుక పద్దెనిమిది అడుగుల పొడవని రాశారు. నిజానికి మూలలో రెండు అడుగులు రెండు గోడలకూ ఉమ్మడి. అక్కడ ఉండేది ఒక్క పెట్టే. ఆ రెండు అడుగులను రెండుసార్లు లెక్కించడం వల్ల, రెండు ముప్పావు అడుగుల ఎత్తుకు అయిదున్నర చదరపు అడుగులు, అంటే 9,075 రూపాయలు ఎక్కువ పడింది. అడిగితే వాదించకుండానే తీసేశారు. అడగకుండానే తీసేసి ఉంటే ఇంకా బాగుండేది. రెండోది, జీఎస్టీ అదనమన్న మాట కాగితం అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది. మూల తీసేశాక 2,29,100, దానిపై 18 శాతం పన్ను 41,238, వెరసి 2,70,338 రూపాయలు. దుకాణానికి మేము చివరికి కట్టినది ఇదే. ఒప్పుకున్న తరువాత వారు ఒక్క రూపాయి కూడా పెంచలేదని ఇక్కడే చెప్పాలి.

అయితే వంటగది పూర్తి కావడానికి మాకు అయిన ఖర్చు 4,18,838 రూపాయలు. మధ్యలో ఉన్న 1,48,500 దుకాణం చీటీలో ఎక్కడా లేదు. పాత గట్టు, పలకలు పగలగొట్టి చెత్త ఎత్తించడానికి 14,000. నీటి పైపుల పనికి 16,500. కరెంటు పనికి 21,000. నేలకూ గోడకూ టైల్స్, తాపీమేస్త్రి కూలితో కలిపి 26,500. గ్రానైటు, దాని అంచుల పాలిష్, సింకు కోత, బిగింపు కలిపి 16,000. సింకు, కుళాయిలు 11,500. చిమ్నీ, హాబ్ (గట్టులో అమర్చే గ్యాసు పొయ్యి) 34,000. చివర రంగులకు 9,000. వీటిలో ఒక్కటి కూడా విలాసం కోసం పెట్టింది కాదు. గట్టు లేకుండా కింది పెట్టెలు పెట్టి ఏం చేసుకుంటాం? ఇవి తమ పని కావన్న దుకాణం వారి మాట నిజమే. కానీ ఇల్లంతా కొలిచి, సింకు ఎక్కడో పొయ్యి ఎక్కడో తామే గీసి ఇచ్చినవారు, దాని కోసం మరెవరికి సుమారుగా ఎంత చెల్లించవలసి వస్తుందో ఒక వరుసలోనైనా రాసి ఇవ్వవచ్చు. మా ఇంటి లెక్కన దుకాణం చీటీ మొత్తం ఖర్చులో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువే. పాత ఇల్లు అయితే చీటీలోని అంకెకు సగాన్ని దాని పక్కనే పెట్టుకుని, ఆ పైన గోడలో ఏం బయటపడుతుందోనని ఇంకొంత చేతిలో ఉంచుకున్నాకే అడ్వాన్సు ఇవ్వడం మంచిది. మా ఇంట్లో బయటపడింది సింకు వెనక గోడలోని చెమ్మ. పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపు తుప్పుపట్టి లోలోపల కారుతోంది. దాన్ని తీసి సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపు వేయించాం.

పైపుల ఖర్చులో ఎక్కువ భాగం సింకు స్థానం మార్చినందువల్ల వచ్చింది. పొయ్యి ఆగ్నేయంలో, వండేవారు తూర్పు ముఖంగా, సింకు ఈశాన్యం వైపు అని మా అత్తగారు ముందే చెప్పారు. వాస్తు నమ్మేవారు నమ్ముతారు, లేనివారు లేదు. ఆ చర్చ నాకు అక్కరలేదు. కానీ ఇంట్లో ఆ మాట ఉన్నప్పుడు కొలతలు తీసుకునే మనిషి వచ్చేసరికే అది తేలిపోవాలి. బొమ్మ ఖాయమయ్యాక సింకును కదిపితే పెట్టెల కొలతలు, నీటి పైపు, మురుగు గొట్టం వాలు, గ్రానైటు కోత అన్నీ మారతాయి. ఈ విషయంలో దుకాణం వారి డిజైనరు బాగా సహకరించింది. మా అత్తగారితో కూర్చుని, విసుగు లేకుండా, ఆమెకు అర్థమయ్యేలా రెండు మూడు రకాలుగా గీసి చూపించింది. కరెంటు పాయింట్ల డ్రాయింగు మాత్రం అడ్వాన్సు కట్టాక గానీ ఇవ్వలేదు. ఫ్రిజ్, మైక్రోవేవ్, గ్రైండరు, మిక్సీ, చిమ్నీ, నీళ్ల ఫిల్టరు అన్నిటికీ విడివిడిగా ప్లగ్గులు, పెద్ద లోడు ఉన్నవాటికి నేరుగా బోర్డు నుంచి మందపు వైరు, విడి ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటును ఆపేసే స్విచ్చి) కావాలి. ఇవన్నీ టైల్స్ అతికించకముందే గోడ చెక్కి పూర్తిచేయవలసిన పనులు. ఎలక్ట్రీషియన్ ఎంత అడుగుతాడో ఆ డ్రాయింగు చూడకుండా చెప్పలేడు కనుక, దాన్ని దాచిపెట్టడమంటే ఖర్చును దాచిపెట్టడమే.

ఇక చెక్క సంగతి. కొటేషన్‌లో "వాటర్‌ప్రూఫ్ ప్లై" అని మాత్రమే ఉంది. ఆ మాటకు బజారులో నిర్దిష్టమైన అర్థం లేదు. బీడబ్ల్యూపీ (మరిగే నీటిని తట్టుకునే) రకానికి ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం ప్లైవుడ్ ముక్కను 72 గంటలు మరిగే నీటిలో ఉంచినా పొరల మధ్య జిగురు విడిపోకూడదు. ఐఎస్ 303 కింద వచ్చే ఎంఆర్ రకం గాలిలోని తేమను తట్టుకుంటుంది కానీ నిలిచిన నీటిని తట్టుకోదు. కింది పెట్టెలన్నిటికీ 18 మిల్లీమీటర్ల ఐఎస్ 710 ప్లై, పైన గోడ పెట్టెలకు ఎంఆర్ రకం చాలునని అంకెలతో సహా రాయించుకున్నాం. రాయడానికి వారు వెనకాడలేదు. పైగా ఊరి శివారులోని వారి వర్క్‌షాపుకు రమ్మని, కోయకముందు పలకల మీద ఐఎస్ఐ ముద్రను చూపించారు. ఇది నిజంగా మెచ్చుకోవలసిన విషయం. పలకను కోసి, రెండు వైపులా లామినేట్ (పైన అతికే రంగు పొర) అతికించి, అంచులకు బ్యాండ్ వేశాక లోపల ఏముందో కొన్నవారు కనిపెట్టలేరు. షోరూములో చూపిన ముక్క ఒకటి, ఇంటికి వచ్చిన పెట్టె మరొకటి అన్న అనుమానం రాకుండా ఉండాలంటే ముద్ర కనబడే దశలోనే చూడాలి, ఫొటో తీసుకోవాలి. తలుపులకు హెచ్‌డీహెచ్ఎంఆర్ (తేమను తట్టుకునే దట్టమైన చెక్కపీచు) బోర్డు వాడారు. దాని ఉపరితలం ప్లైవుడ్ కన్నా చదునుగా ఉంటుంది కనుక తలుపులకు అది సరిపోతుంది. పార్టికల్ బోర్డుతో కింది పెట్టెలు చేసి ఇస్తామని మరోచోట సగం ధర చెప్పారు. సింకు కింద ఒక్క వానాకాలం కూడా పూర్తిగా నమ్మలేని సరుకు అది. చెక్కపొట్టును జిగురుతో ఒత్తి చేసిన బోర్డు ఒకసారి నీళ్లు పీల్చి ఉబ్బితే మళ్లీ మామూలు స్థితికి రాదు, మేకులూ పట్టుకోదు.

అసలు కింది పెట్టెలకు చెక్కే కావాలా అన్న ప్రశ్నను ఏ దుకాణమూ లేవనెత్తదు. మన ప్రాంతంలో వెనకటి పద్ధతి వేరు: గట్టు కింద కడప రాతి పలకలను నిలువుగా, అడ్డంగా నిలబెట్టి అరలు కట్టేవారు. ఇప్పటికీ తాపీమేస్త్రి వాటిని కట్టి, వడ్రంగి వాటి ముందు ఫ్రేములూ తలుపులూ బిగిస్తే, బయటికి మాడ్యులర్ వంటగదిలాగే కనిపిస్తుంది. రాయికి చెదలు పట్టవు, నీళ్లు తగిలితే ఉబ్బదు, ఖర్చూ తక్కువ. సొరుగులు అమర్చడం కష్టమన్నది ఒక్కటే దానిలోని పెద్ద లోటు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు, మా బంధువుల ఇంట్లో ఖరీదైన చెక్క పెట్టెలు మొత్తం తీసి పారేయవలసి వచ్చింది. పక్క వాటాలోని రాతి అరలను కడిగి మళ్లీ వాడుకున్నారు. పల్లంలో, కింది అంతస్తులో ఉండేవారు ఈ సంగతిని దుకాణంలో అడుగుపెట్టకముందే ఆలోచించుకోవాలి. మా ఇల్లు మెరకలో ఉంది, సొరుగులు కావాలనుకున్నాం కనుక చెక్కకే వెళ్లాం. అయితే మన ఇళ్లలో నేలను నీళ్లు పోసి కడిగే అలవాటు ఉంది. పెట్టెలు నేలను తాకకుండా నాలుగు అంగుళాల పీవీసీ కాళ్ల మీద నిలబెట్టి, ముందువైపు ఊడదీసి మళ్లీ తగిలించుకోగల పట్టీ పెట్టారు. బాగుంది. కడిగిన రోజున పట్టీ తీసేస్తే అడుగున తడి ఆరిపోతుంది.

సొరుగుల సామానుకు ఎంత అవుతుందో ముందే విడమరిచి రాయించుకోవడం వల్ల మాకు బేరానికి వీలు కుదిరి, కొటేషన్‌లో అది 62,000 దగ్గర ఆగింది. మొదటి బొమ్మలో దాదాపు అన్ని కింది పెట్టెలకూ సొరుగులే గీశారు. మూలకు బయటికి తిరుగుతూ వచ్చే ఖరీదైన యంత్రం కూడా పెట్టారు. గుంటూరు వంటింట్లో ఆవకాయ, గోంగూర, పండుమిరప జాడీలు ఎంత ఎత్తుంటాయో, ఎంత బరువుంటాయో ఆ బొమ్మ గీసిన సాఫ్ట్‌వేరుకు తెలియదు. జాడీని సొరుగులో పెడితే లాగినప్పుడల్లా కదిలి నూనె ఒలుకుతుంది. అందుచేత మూల యంత్రాన్ని తీసేయించి అక్కడ సాదా అర పెట్టించాం, జాడీలు అక్కడే. పాతిక కిలోల బియ్యం బస్తాకు కింద అర లేని పెట్టె ఒకటి, గ్రైండరుకు గట్టు మీదే స్థిరమైన చోటు, దాని వెనకే ప్లగ్గు అడిగాం. రోజూ దోసెపిండి రుబ్బే ఇంట్లో గ్రైండరును కింది నుంచి పైకి ఎత్తే ఏర్పాటు ఎవరికీ పనికిరాదు. సొరుగులను పప్పులు, గరిటెలు, పళ్లేలు ఉండే చోట్లకే పరిమితం చేశాం. వాటి రన్నర్లు (సొరుగు జారే పట్టాలు), మెల్లగా మూసుకునే కబ్జాలు పేరున్న కంపెనీవే, అట్టపెట్టెలు మా ముందే విప్పారు. తీగ బుట్టలు మాత్రం ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) 304 రకమని రాయించుకోవాలి. తక్కువ ధరకు దొరికే 202 రకం ఉప్పు, చింతపండు తగిలే చోట తొందరగా మచ్చలు పడుతుంది. దుకాణంలో అయస్కాంతం పెట్టి చూపించి "అంటుకోలేదు కదండీ, మంచి స్టీలే" అంటారు. 304 అయినా 202 అయినా మామూలుగా అయస్కాంతానికి అంటుకోవు కనుక ఆ పరీక్షతో ఈ రెంటినీ వేరుచేయలేం. బిల్లులో రకం రాసి ఉండటమే మనకు ఆధారం.

గట్టు ఎత్తు గురించి ఒక్క మాట. అందరికీ 34 అంగుళాలు పెడతారు. మా అత్తగారికీ నాకూ 32 అంగుళాలే హాయి. నిలబడి మోచేయి మడిచినప్పుడు దానికి నాలుగైదు అంగుళాలు కిందుగా గట్టు ఉంటే నడుము, భుజాలు నొప్పి పెట్టవు. కింది పెట్టెల ఎత్తు ఖాయం చేసేటప్పుడు గ్రానైటు మందాన్నీ, కాళ్ల ఎత్తునూ కలిపి లెక్కించమని అడగాలి.

గ్రానైటును దుకాణం ద్వారా కాకుండా నేరుగా కొన్నాం. ఒంగోలు దగ్గరి చీమకుర్తిలో తవ్వే బ్లాక్ గెలాక్సీ మన జిల్లాలకు దగ్గరి సరుకు. పసుపు, కారం, నూనె మరకలు దాని మీద తెలియవు. దుకాణం వారు తెల్ల క్వార్ట్జ్ (రాతిపొడితో చేసిన పలక) బాగుంటుందన్నారు. బొమ్మలో నిజంగానే బాగుంది. పసుపు తడిచేత్తో ముట్టే గట్టు మీద ఆ తెలుపు ఎంతకాలం ఉంటుందో చెప్పమంటే నవ్వి ఊరుకున్నారు. తలుపులకు మెరిసే లామినేట్ బదులు మెరుపు లేనిది ఎంచుకున్నాం. వేలిముద్రలూ గీతలూ తక్కువ కనిపిస్తాయి.

చిమ్నీని కూడా బయటే కొన్నాం కానీ దాని చోటు, గొట్టం దారి దుకాణం వారి బొమ్మ మీదే ఆధారపడి ఉంటాయి. ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెట్టే ఇంట్లో చిమ్నీ పెట్టె మీద రాసిన పీల్చుడు శక్తి అంకె కన్నా గొట్టం ఎంత పొడవుంది, ఎన్ని వంపులు తిరిగింది అన్నదే ముఖ్యం. మొదటి బొమ్మలో గొట్టం అటక లోపల నుంచి మూడు వంపులు తిరిగి వెనక గోడకు వెళ్లింది. పొయ్యి వెనక గోడకే నేరుగా రంధ్రం పెట్టమన్నాం. అటకలో ఒక భాగం ఖాళీ అయింది, ఘాటూ పోతోంది. ఇంతకన్నా ముఖ్యమైన విషయం గ్యాసు సిలిండరు. బొమ్మలో దాన్ని అందంగా తలుపు వేసిన పెట్టెలో దాచారు. వంటగ్యాసు గాలి కన్నా బరువైనది. లీకైతే అడుగునే పేరుకుంటుంది. మూసిన పెట్టెలో వాసన కూడా ఆలస్యంగా తెలుస్తుంది. సిలిండరు పెట్టె తలుపుకు కింది భాగంలో గాలి ఆడే జాలీ పెట్టమని మేము అడిగితే పెట్టారు. అందం తగ్గుతుందని ఒకసారి అన్నారు. భద్రతకు సంబంధించిన ఇలాంటి మార్పును కొనేవారు అడిగే దాకా ఆగకూడదన్నది ఈ దుకాణం మీద నాకున్న గట్టి ఫిర్యాదు.

బిగింపు పని విషయానికి వస్తే, వచ్చిన కుర్రాళ్లు నెమ్మదస్తులు, పని తెలిసినవారు. పాత ఇంటి గోడలు సూటిగా ఉండవు. పెట్టెకూ గోడకూ మధ్య వచ్చిన సందును అదే రంగు పట్టీతో సరిగ్గా మూశారు. సింకు కింద పైపుల కోసం చేసిన రంధ్రాల అంచులను మాత్రం పచ్చిగా వదిలేశారు. ప్లై ఎంత మంచిదైనా నీళ్లు లోపలికి దిగేది అక్కడి నుంచే. చెబితే సిలికాన్‌తో మూశారు. అటక తలుపుల్లో ఒకటి మిగతావాటి కన్నా కొంచెం ముదురు రంగులో వచ్చింది. చెప్పిన గడువు దాటిపోయింది. వర్క్‌షాపులో దసరా ముందు రద్దీ అన్నారు. రద్దీ ఎప్పుడుంటుందో వారికి తెలియనిది కాదు కదా! వంటగది లేని ఆ రోజుల్లో అన్నం మాత్రం వరండాలో విద్యుత్ కుక్కరులో వండుకుని, కూరలూ పప్పూ కర్రీ పాయింటు నుంచి తెచ్చుకున్నాం. ఈ ఖర్చును పై లెక్కలో చేర్చలేదు కానీ, పెద్దవాళ్లున్న ఇంట్లో రోజూ బయటి కూర తినలేరు, కాబట్టి గడువు తప్పితే ఎంత తగ్గించాలో ఒప్పందంలో రాయించుకోవడం అవసరం.

డబ్బు చెల్లింపు విషయంలో వారి నియమం: సగం అడ్వాన్సు, సామాను బయలుదేరే ముందు నలభై శాతం, బిగించాక పది శాతం. సామాను ఇంటికి చేరకముందే తొంభై శాతం ఇచ్చేస్తే కొనేవారి చేతిలో ఇక పట్టు ఉండదు. మేము గట్టిగా అడిగి చివరి వాటాను ఇరవై శాతం చేయించుకున్నాం. బిల్లు వద్దనుకుంటే పన్ను మిగులుతుందని మరో దుకాణంలో చెప్పారు. ఇక్కడ అలాంటి మాట రాలేదు, పూర్తి బిల్లు ఇచ్చారు. ఆ బిల్లు లేకపోతే వారంటీ కాగితానికి విలువ లేదు, రేపు వివాదం వస్తే జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు చూపించడానికి ఏమీ ఉండదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 5 లక్షల లోపు కొనుగోళ్ల ఫిర్యాదుకు అక్కడ రుసుము కూడా లేదు. వారంటీని కూడా నిదానంగా చదవాలి: ప్లైవుడ్‌కు పదేళ్లని పెద్దగా రాసినది పురుగు, చెదల గురించి మాత్రమే; నీటి లీకేజీ వల్ల ఉబ్బడం అందులోకి రాదు.

ఒక్కరితోనే అన్ని పనులూ చేయించుకోవాలనుకునేవారికి ఈ దుకాణం సరిపోదు. తాపీమేస్త్రిని, ప్లంబరును, ఎలక్ట్రీషియన్‌ను తామే కుదుర్చుకుని దగ్గరుండి చూసుకోగలిగినవారికి, చెక్కపని వరకు నేను నిస్సంకోచంగా చెబుతాను. సంక్రాంతి ముందు కబ్జాలు సరిచేయడానికి ఫోన్ చేస్తే మనిషిని పంపారు, డబ్బు అడగలేదు. రంగు తేడా వచ్చిన అటక తలుపును మార్చి తెచ్చిన తరువాతే మేము అట్టేపెట్టిన వాటాలో మిగిలినది ఇచ్చాం. అందుకు వారేమీ నొచ్చుకోలేదు.